ఫోర్ట్ ఆంట్వాన్: ఫ్రెంచి రానివారు అక్కడ నాటకం చూడవచ్చా?

ఫ్రాన్స్‌లోని నీస్‌లో బస చేసి ఒక్క రోజు మొనాకో చూడబోతున్న మీరు, సముద్రపు అంచున ఆరుబయట నాటకశాలగా మారిన పాత కోట ఫోర్ట్ ఆంట్వాన్‌కు సమయం కేటాయించాలా, ఫ్రెంచి రానివారికి అక్కడి నాటకం వల్ల ప్రయోజనం ఉంటుందా అని అడిగారు. తప్పకుండా వెళ్ళండి. ప్రయాణం జూలై, ఆగస్టులలో అయితే ఆ రోజు ప్రదర్శన ఉందేమో ముందే చూసుకుని, మిగతా కార్యక్రమాన్ని దానికి తగ్గట్టు అమర్చుకోండి.

మొనాకో పాలకుడు మొదటి ఆంట్వాన్ కాలంలో, పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్ళలో, పాతనగరం ఉన్న కొండకు ఈశాన్యపు కొసన ఈ కోటను కట్టారు. 1944లో అది ధ్వంసమైంది. అప్పటి పాలకుడు మూడో రెనియే 1953లో దాన్ని మళ్ళీ కట్టించారు. కాబట్టి అక్కడ కనిపించేదంతా మూడు వందల ఏళ్ళ నాటి కట్టడం కాదు. అయినా గోడ మూలన ఉన్న కావలి బురుజు, పేర్చి ఉంచిన ఫిరంగి గుండ్లు ఆ చోటు అసలు పని ఏమిటో చెబుతూనే ఉంటాయి. కోటను మళ్ళీ నిలబెట్టి, దాన్ని మూసి ఉంచకుండా నాటకానికి అప్పగించడం నాకు ఎంతో నచ్చిన విషయం.

అర్ధచంద్రాకారంలో మెట్లు మెట్లుగా ఉన్న ఆసనాలలో దాదాపు 350 మంది మాత్రమే కూర్చోగలరు. అందువల్ల చివరి వరుసలో ఉన్నవారికి కూడా నటుల ముఖకవళికలు, గొంతులోని ఒడుదొడుకులు స్పష్టంగా తెలుస్తాయి. నాకు ఫ్రెంచి అంతంత మాత్రమే వచ్చు. సంభాషణల్లో చాలా భాగం అర్థం కాకపోయినా, ఎవరు ఎవరిని వేడుకుంటున్నారో, ఎవరు నిజం దాస్తున్నారో గ్రహించడం కష్టం కాలేదు. చిన్నప్పుడు మా ఊరి తిరునాళ్ళలో పద్యనాటకాలు చూసేటప్పుడు కూడా సమాసాలన్నీ అర్థమయ్యే కూర్చున్నామా! కథ ముందుగా చదువుకుని వెళ్తే మరింత సుఖం.

ప్రదర్శన లేని రోజున పగటిపూట ప్రవేశం ఉచితం. సముద్రశాస్త్ర మ్యూజియం నుంచి నడిచి వెళ్ళవచ్చు; కోట చూడటానికి అరగంట చాలు. నాటకానికి ఉండదలిస్తే మాత్రం రెండు జాగ్రత్తలు తీసుకోండి. గట్టి మెట్ల మీద చాలాసేపు కూర్చోవాలి కనుక మడిచిన శాలువా ఒకటి వెంట ఉంచుకోండి. ఆట మొదలయ్యేది చీకటి పడ్డాక కాబట్టి, నీస్‌కు తిరిగి వెళ్ళే చివరి రైలు వేళను ముందే చూసి పెట్టుకోండి.