ప్రసూతి పాఠ్యపుస్తకం కొనేముందు తెరిచి చూడాల్సిన పేజీలు

లేబర్ రూమ్ (కాన్పుల గది) పోస్టింగ్ దగ్గరపడింది, కొందరు సీనియర్లు ‘విలియమ్స్ అబ్‌స్టెట్రిక్స్’ అనే పెద్ద పుస్తకం కొనమంటున్నారు, కొందరు చిన్న పుస్తకం చాలంటున్నారు, ఏది మంచిదని ఒక వైద్య విద్యార్థి అడిగారు.

విలియమ్స్ 1903 నుంచి వస్తున్న గ్రంథం. ఏ చికిత్సయినా ఎందుకు చేస్తున్నామో తెలియాలంటే అందులో వెతకాలి. కానీ తొలిసారి చదివేవాళ్లు మొదటి పేజీ నుంచి పట్టుకుంటే, పోస్టింగ్ అయిపోయేనాటికి కాన్పు అధ్యాయం దాకా కూడా రారు. అందుకే మధ్యరకం పుస్తకం ఒకటి సొంతానికి ఉంచుకుని, విలియమ్స్‌ను లైబ్రరీలో చూసుకోమంటాను.

ఆ మధ్యరకం పుస్తకాన్ని ఎంచుకునేటప్పుడు ముందు బిడ్డ తల తిరిగే తీరు చెప్పే బొమ్మలు తెరవండి. చాలామంది తడబడేది ఇక్కడే. ప్యూబిస్ (కటి ముందు ఎముక) పైన, సేక్రమ్ (వెన్ను కింది ఎముక) కింద ఉండేలా, పరీక్ష చేసేవాళ్లకు కనిపించినట్టు గీసిన బొమ్మలో తల్లి ఎడమవైపు మన కుడిచేతి వైపు వస్తుంది. లెఫ్ట్ ఆక్సిపిటో యాంటీరియర్‌లో (బిడ్డ తల వెనకభాగం తల్లికి ఎడమ ముందువైపు ఉండే స్థితి) చిన్న ఫాంటనెల్ (తల వెనక ఉండే మెత్తటి చోటు) గడియారంలో ఒకటీ రెండు అంకెల మధ్య తగలాలి. బొమ్మ ఎటునుంచి చూసి గీశారో రాయని పుస్తకంతో నేర్చుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి, కేసు షీటులో పొజిషన్ తప్పు రాస్తారు. తల బాగా వంగితే ముందుకొచ్చే వ్యాసం 9.5 సెం.మీ., వంగకపోతే 11.5 సెం.మీ. ఈ రెండు అంకెలనూ కాన్పు ఆగిపోవడంతో ముడిపెట్టి చెప్పిందా లేదా చూడండి. ఉత్త పట్టికగా వదిలేస్తే అది బట్టీకే పనికొస్తుంది.

తర్వాత ఎక్లాంప్సియా, అంటే గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం. ఫిట్స్ మందు గురించి "మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు ఐవీ (నరంలోకి)" అని రాసి ఊరుకున్న పుస్తకం వద్దు. ఆంపూల్‌లో ఉండేది సాధారణంగా 50 శాతం ద్రావణం. దాన్ని నేరుగా నరానికి ఎక్కించకూడదు. 8 మి.లీ. తీసుకుని 12 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపితే 20 శాతం ద్రావణం 20 మి.లీ. అవుతుంది, దాన్ని నిదానంగా ఇవ్వాలి. ఆపైన ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున లోతుగా ఐఎం (కండరంలోకి), తర్వాత 4 గంటలకోసారి 5 గ్రాములు. ప్రతి డోసుకు ముందు మోకాలి జర్క్ (మోకాలి కింద తడితే కాలు ఎగరడం) ఉందా, శ్వాస నిమిషానికి 16 కన్నా తక్కువ కాలేదు కదా, మూత్రం గంటకు కనీసం 30 మి.లీ. వస్తోందా అని చూడాలి. మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ 1 గ్రాము నింపిన సిరింజి పక్కనే ఉండాలి. ఇంత విడమరిచి రాసిన పుస్తకమే అర్ధరాత్రి డ్యూటీలో అక్కరకొస్తుంది.

ఇక ఎడిషన్ కొత్తదా కాదా అన్నది అట్ట మీది సంవత్సరాన్ని చూసి నమ్మకండి. పాత అధ్యాయానికే కొత్త అట్ట వేసి ఉండొచ్చు. యాక్టివ్ ఫేజ్ (గర్భాశయ ముఖద్వారం వేగంగా తెరుచుకునే దశ) ఎన్ని సెం.మీ. దగ్గర మొదలవుతుందన్నారో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నుంచి 5 సెం.మీ. అంటోంది. ఇంకా 3, 4 సెం.మీ. దగ్గరే ఆగి, గంటకు 1 సెం.మీ. తెరుచుకోకపోతే అసాధారణమని రాసిన పుస్తకం చదివితే, మామూలుగా నడుస్తున్న కాన్పుకు కూడా తొందరపడి ఆక్సిటోసిన్ (నొప్పులు పెంచే మందు) పెట్టాలనిపిస్తుంది. కాన్పు తర్వాతి రక్తస్రావంలో ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము, బిడ్డ పుట్టిన 3 గంటల లోపే, అన్న మాట ఉందా? 2017 తర్వాత దిద్దిన అధ్యాయమైతే అది తప్పకుండా ఉండాలి. మూత్రంలో ప్రోటీన్ లేకపోతే ప్రీఎక్లాంప్సియా (ఎక్లాంప్సియాకు ముందు, గర్భంలో బీపీ పెరిగే జబ్బు) కాదన్న పుస్తకాన్ని అక్కడే మూసేయండి.

సీనియర్లు ఇచ్చిన పాత ఎడిషన్ ఉంటే పారేయకండి. పెల్విస్ (కటి ఎముకలు), కాన్పు మెకానిజం, పొట్ట తడిమి చూసే పద్ధతి అందులోనే చదువుకోవచ్చు, అవి మారలేదు. మందుల డోసులున్న పేజీల్లో మాత్రం ఇప్పటి మార్గదర్శకాల ప్రకారం పెన్సిల్‌తో దిద్ది, పక్కన సంవత్సరం వేసుకోండి.