ఐసీయూ నుంచి నర్సింగ్ కాలేజీకి: ముందు ఎంఎస్సీ, తర్వాతే ట్యూటర్ ఉద్యోగం

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆస్పత్రి ఐసీయూలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం నాకు ఇష్టం. నైట్ డ్యూటీలు ఇక నా వల్ల కావడం లేదు. ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీ వాళ్లు ట్యూటర్‌గా వెంటనే చేరమంటున్నారు, ఎంఎస్సీ సంగతి తర్వాత చూసుకోవచ్చంటున్నారు. చేరమంటారా? ఈ లైన్లో ఎంతవరకు పైకి వెళ్లగలను?

జవాబు: ఎంఎస్సీ ముందు చేయండి. కాలేజీ వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవం ఉన్నవారిని ట్యూటర్‌గా తీసుకోవడానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకుంటాయి. చిక్కు ఆ పై మెట్టు దగ్గర వస్తుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఎంఎస్సీతో పాటు 3 ఏళ్ల బోధన అనుభవం అడుగుతారు. అసోసియేట్ ప్రొఫెసర్‌కు ఎంఎస్సీతో 8 ఏళ్లు, అందులో 5 ఏళ్లు బోధన ఉండాలి. ప్రిన్సిపల్ పోస్టుకు 15 ఏళ్లు కావాలి. అంటే పైకి తీసుకెళ్లే గడియారం ఎంఎస్సీ చేతికొచ్చిన రోజు నుంచే తిరుగుతుందనుకోండి. మీ ఐసీయూ తొమ్మిదేళ్లను ఈ లెక్కలో కలుపుకోవద్దు. వాటి విలువ మరోచోట ఉంది.

మీ వయసుతోనే లెక్క వేద్దాం. ఈ ఏడాది ఎంఎస్సీలో చేరితే 33కి పూర్తవుతుంది. 36కి అసిస్టెంట్ ప్రొఫెసర్, 41కి అసోసియేట్, 48కి ప్రిన్సిపల్ అర్హత వస్తాయి. అదే నాలుగేళ్లు బీఎస్సీ ట్యూటర్‌గా గడిపి 35లో చేరితే ఆ చివరి మెట్టు 52కి జరుగుతుంది. ఇంకో సంగతి, ఎయిమ్స్ సంస్థల ట్యూటర్ నోటిఫికేషన్లలో గరిష్ఠ వయసు సాధారణంగా 35 ఉంటుంది. ఇప్పుడు చదివితే వయసు పరంగా ఆ తలుపు మీకు రెండేళ్లపాటు తెరిచి ఉంటుంది. ఆలస్యం చేస్తే మూసుకుపోతుంది.

అయితే అర్హత రావడం వేరు, ఖాళీ దొరకడం వేరు. 60 సీట్ల బీఎస్సీ కాలేజీలో నాలుగేళ్లకు కలిపి 240 మంది విద్యార్థులు ఉంటారు. పది మందికి ఒకరు చొప్పున 24 మంది బోధనా సిబ్బంది కావాలి. వీరిలో ఎక్కువమంది ట్యూటర్లే. అసోసియేట్, ప్రొఫెసర్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. కాబట్టి ఒకే కాలేజీని పట్టుకుని కూర్చుంటే ప్రమోషన్ కోసం పైవాళ్లు రిటైరయ్యేదాకా ఆగాల్సి వస్తుంది. కాలేజీ మారడానికి సిద్ధంగా ఉన్నవారే ఈ రంగంలో త్వరగా ఎదుగుతారు. 2014 తర్వాత వచ్చిన వైద్య కళాశాలలకు అనుబంధంగా దేశంలో 157 నర్సింగ్ కాలేజీలు పెడతామని కేంద్రం 2023 బడ్జెట్‌లో ప్రకటించింది. అనుభవం ఉన్న అధ్యాపకులు వాటికీ కావాల్సిందే.

ఎంఎస్సీలో చేరడానికి బీఎస్సీలో కనీసం 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం, రాష్ట్ర కౌన్సిల్లో చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎయిమ్స్ ఢిల్లీ జనరల్ అభ్యర్థులను 60 శాతం అడుగుతుంది. తెలంగాణలో సీట్లు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ఉంటాయి. కోర్సు రెండేళ్లు, పూర్తికాలం. ఉద్యోగం చేసుకుంటూ ఇంటి దగ్గరే ఎంఎస్సీ నర్సింగ్ పూర్తి చేయిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. అలాంటి డిగ్రీకి కౌన్సిల్ గుర్తింపు రాదు. డబ్బూ, రెండేళ్లూ రెండూ పోతాయి. జీతం లేని ఆ రెండేళ్లకు ఇంటి ఖర్చు, ఈఎంఐలు ఎలా గడుస్తాయో ఇంట్లో కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి. మీ ఆస్పత్రి స్టడీ లీవ్ ఇస్తుందేమో హెచ్ఆర్‌ను అడగండి. ఇస్తే బదులుగా ఎన్నేళ్ల బాండ్ రాయమంటారో కూడా అడగండి.

స్పెషాలిటీలు ఐదు: మెడికల్ సర్జికల్, ప్రసూతి, పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్. మీ నేపథ్యానికి మెడికల్ సర్జికల్, అందులో క్రిటికల్ కేర్ సహజంగా సరిపోతుంది. పోటీ ఎక్కువ ఉండేదీ అక్కడే. కాలేజీకి ప్రతి స్పెషాలిటీలో ఎంఎస్సీ చేసినవారు ఉండాలి కాబట్టి మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ చదివినవారికి ఊళ్లలోని కాలేజీల్లోనూ పోస్టు దొరికే వీలుంటుంది. ఆసక్తి ఉంటేనే వాటివైపు చూడండి. రోజూ పాఠం చెప్పాల్సిన సబ్జెక్టును ఖాళీలు చూసి మాత్రమే ఎంచుకుంటే ఇరవై ఏళ్లు లాగడం కష్టం. రోగి పక్కన ఉండటమే మీకు ఎక్కువ ఇష్టమైతే రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ కోర్సు ఉంది. అది రెసిడెన్సీ పద్ధతిలో సాగుతుంది, నైట్ డ్యూటీలు తప్పవు.

ఇక మీ తొమ్మిదేళ్ల విలువ. చేయడం వచ్చినవాళ్లందరికీ చెప్పడం రాదు. అనుభవం ఉన్న నర్సులు టీచింగ్‌లో మొదట తడబడేది ఇక్కడే. ముక్కు గుండా పొట్టలోకి వేసే గొట్టం, అంటే రైల్స్ ట్యూబ్ వేయడాన్నే తీసుకోండి. మీ చేయి దాన్ని రెండు నిమిషాల్లో వేసేస్తుంది. విద్యార్థికి నేర్పాలంటే అదే పనిని విడదీసి చూపాలి. రోగిని సగం కూర్చోబెట్టాలి. ముక్కు కొన నుంచి చెవి తమ్మె వరకు, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొస వరకు కొలిచి గుర్తు పెట్టాలి. గొంతు దగ్గరికి వచ్చేసరికి గడ్డం కిందికి వంచి మింగమనాలి. దగ్గు ఆగకపోయినా, పెదవులు నీలంగా మారినా వెంటనే వెనక్కి లాగాలి. లోపలికి వెళ్లాక సిరంజితో గాలి ఊది పొట్ట మీద స్టెత్ పెట్టి వినడం చాలా వార్డుల్లో అలవాటు. ఒక్క ఆ శబ్దాన్ని నమ్మి ఫీడ్ మొదలుపెట్టడం ప్రమాదం. ట్యూబ్ ఊపిరితిత్తిలో ఉన్నా అలాంటి శబ్దమే వినిపించవచ్చు. ట్యూబ్ నుంచి లాగిన ద్రవం పీహెచ్ (ఆమ్లత కొలత) 5.5 లేదా అంతకంటే తక్కువ ఉందా చూడాలి, అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించాలి. వార్డు అలవాటుకూ సరైన పద్ధతికీ మధ్య ఉన్న ఈ తేడాను పుస్తకం చదివి వచ్చినవారికంటే మీరు బాగా చూపించగలరు. అందుకు ముందు మీ సొంత అలవాట్లను ఒక్కొక్కటిగా పుస్తకంతో సరిచూసుకోవాలి. 2021-22లో మొదలైన సెమిస్టర్ సిలబస్‌లో ఓఎస్‌సీఈ పరీక్షలు, అంటే విద్యార్థి పని చేసి చూపిస్తుంటే చెక్‌లిస్టు ప్రకారం మార్కులు వేసే పరీక్షలు ఉన్నాయి. చెక్‌లిస్టులో ఏ అడుగుకు ఎన్ని మార్కులో మీరే రాయాల్సి వస్తుంది.

ట్యూటర్ రోజు అంతా తరగతి గదిలో గడుస్తుందనుకోకండి. పొద్దున్నే విద్యార్థుల బృందంతో వార్డుకు వెళ్లాలి. ఎవరికి ఏ రోగి అన్నది పంచాలి, కేర్ ప్లాన్లు దిద్దాలి, ప్రొసీజర్ చేస్తున్నప్పుడు పక్కన నిలబడాలి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. మధ్యాహ్నం క్లాసు. సమయం, లక్ష్యం, విషయం, టీచర్ పని, విద్యార్థి పని, బోధన సామగ్రి, మూల్యాంకనం అనే గళ్లతో లెసన్ ప్లాన్ ముందే సిద్ధంగా ఉండాలి. తనిఖీ వచ్చే ముందు ఫైళ్ల పని రాత్రుళ్లు ఇంటికీ వస్తుంది. సీనియర్ ఐసీయూ నర్సు జీతంతో పోలిస్తే ప్రైవేటు కాలేజీ ట్యూటర్ జీతం మొదట్లో తగ్గవచ్చు. దానికి సిద్ధపడే రండి. నైట్ డ్యూటీ ఒక్కటే మీ సమస్య అయితే కాలేజీ దాకా రానక్కర్లేదు. పెద్ద ఆస్పత్రుల్లో ఇన్‌సర్వీస్ ఎడ్యుకేటర్, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు, క్వాలిటీ విభాగం పోస్టులు ఎక్కువగా పగటి పనే.

ఎంఎస్సీ చదివేటప్పుడు డిసర్టేషన్‌ను (పరిశోధన పత్రాన్ని) మొక్కుబడిగా చేయకండి. ఏదో ఒక అంశం మీద క్లాసు చెప్పి, ముందూ వెనకా ప్రశ్నపత్రం ఇచ్చి, అవగాహన పెరిగిందని తేల్చే పనులు ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. మీరు ఐసీయూలో రోజూ చూసిన చిక్కునే తీసుకోండి. వెంటిలేటర్ మీదున్న రోగి నోటి శుభ్రత ఏ షిఫ్టులో తప్పిపోతోంది, ఎందుకు తప్పిపోతోంది, ట్యూబ్ కట్టిన టేపు వల్ల పెదవి దగ్గర పుండ్లు ఎప్పుడు పడుతున్నాయి, ఇలాంటివి. ఎథిక్స్ కమిటీ అనుమతికి సమయం పడుతుంది, మొదటి ఏడాదిలోనే అంశం ఖరారు చేసుకోండి. పీహెచ్‌డీ గురించి అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యాక ఆలోచించవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించాలి. కొన్ని కాలేజీలు ఉద్యోగంలో చేర్చుకోగానే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని పెట్టుకుంటాయి. మరికొన్ని, పాఠం చెప్పనక్కర్లేదు, తనిఖీ రోజు వచ్చి కూర్చుంటే చాలు అంటూ పేరు వాడుకోవడానికి డబ్బిస్తామంటాయి. రెండింటికీ ఒప్పుకోవద్దు. ఒరిజినల్స్ వెరిఫికేషన్‌కు చూపించి అక్కడికక్కడే వెనక్కి తీసుకోండి. ఒకే కాలంలో రెండు కాలేజీల రికార్డుల్లో మీ పేరు కనిపిస్తే, రేపు మీరు నిజంగా చేసిన సర్వీసును కూడా అనుమానిస్తారు. అన్నిటికీ మించి, పేరుకే ఉన్న టీచర్ దగ్గర చదివిన పిల్ల ఏదో ఒక రోజు ఒక రోగి మంచం పక్కన ఒంటరిగా నిలబడుతుంది. ఏం చేయాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పి ఉండరు.

సర్వీసును కాగితం మీద నిలబెట్టుకోవడం మీ చేతిలోనే ఉంది. నియామక పత్రంలో హోదా, తేదీ స్పష్టంగా ఉండాలి. జీతం బ్యాంకు ఖాతాలోకి రావాలి, పీఎఫ్ కట్ అవుతుంటే ఇంకా మంచిది. చేరిన తేదీ, మానేసిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉండాలి. జీఎన్ఎం (డిప్లొమా నర్సింగ్) స్కూల్లో పాఠం చెప్పిన ఏళ్లకూ, డిగ్రీ కాలేజీలో చెప్పిన ఏళ్లకూ పైపోస్టుల దగ్గర తేడా చూస్తారు, సర్టిఫికెట్‌లో ఏ కోర్సుకు బోధించారో రాయించుకోండి. ఎంఎస్సీ పూర్తయ్యాక రాష్ట్ర కౌన్సిల్లో అదనపు అర్హతగా నమోదు చేయించాలి. చాలామంది దీన్ని మరిచిపోయి ఇంటర్వ్యూ ముందు పరుగులు పెడతారు. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. నిబంధనలు మారవచ్చు కాబట్టి ఏ పోస్టుకైనా దరఖాస్తు చేసే రోజున అమల్లో ఉన్నవాటినే చూడండి.

ఆఫర్ ఇచ్చిన కాలేజీకి ఎంఎస్సీ పూర్తి చేసి వస్తానని మర్యాదగా చెప్పి, ప్రిన్సిపల్ నంబరు దగ్గర పెట్టుకోండి. ఈలోగా మీ ఆస్పత్రిలోనే కొత్త నర్సులకు ప్రిసెప్టర్ బాధ్యత, అంటే పక్కనుండి పని నేర్పే బాధ్యత అడిగి తీసుకోండి. గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే శిక్షణకు ఇచ్చే బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ కార్డుల గడువు రెండేళ్లే, తేదీ దాటిపోయి ఉంటే మళ్లీ చేయండి. రాజీనామా ఇచ్చేటప్పుడు అనుభవ పత్రంలో ఉత్త స్టాఫ్ నర్సు అని కాకుండా ఏ ఐసీయూ, ఎన్ని పడకలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ప్రిసెప్టర్‌గా ఎంతకాలం అన్నవి రాసివ్వమని నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అడగండి. మానేసి ఏళ్లు గడిచాక వెళ్తే ఆ వివరాలు రాసిచ్చేవాళ్లు అక్కడ ఉండకపోవచ్చు.