అరిసెలు నూనెలో విచ్చిపోతుంటే

నూనెలో వేయగానే అరిసె విచ్చిపోతోందన్నారు కదండీ, నూనె తప్పేం లేదు. పాకం లేతగా ఉండగానే పిండి కలిపేసి ఉంటారు.

పళ్ళెంలో చన్నీళ్ళు పోసి చుక్క పాకం వేయండి. వేళ్ళతో దగ్గరకి లాగితే మెత్తటి ఉండ కావాలి. నీళ్ళలో జారిపోతే లేత. పళ్ళేనికేసి కొట్టినప్పుడు టంగుమంటే ముదిరిపోయినట్టే, ఆ అరిసెలు కొరకాలంటే మా తాతగారి పళ్ళు సరిపోవు. రెండిటికీ మధ్య ఎంతో టైముండదు, ఫోన్ పక్కన పడేయండి.

ఇప్పుడున్న చలిమిడి మాత్రం పారేయకండి. కాస్త తడి బియ్యప్పిండి కలిపి, ముందు ఒక్కటే వేసి చూడండి. తడిపిండి లేకపోతే రెండు చెంచాల గోధుమపిండి.

కొట్లో కొన్న పొడి బియ్యప్పిండి వాడలేదు కదా? దాంతో కుదరదండీ. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే మరపట్టించాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. కిలో బియ్యానికి 750 గ్రాముల బెల్లం. మా అమలాపురంలో పండగ ముందు మిల్లు దగ్గర పెద్ద క్యూ. పోయిన సంక్రాంతికి నేను పిండి గిన్నె మీద తడిగుడ్డ కప్పడం మరిచి కబుర్లలో పడ్డాను. ఇంటికెళ్ళేసరికి పిండి ఆరిపోయింది, మొదటి వాయంతా పిండివడియాలే!