కొచ్చిలో 34 అడుగులు, ముంబయిలో 24 అడుగులు: ఏ పడవ కొనాలి?

ప్రశ్న: మాది బరంపురం. వయసు 44. మర్చంట్ నేవీలో సెకండ్ ఇంజనీర్‌ని. కాంట్రాక్టు మీద ఏడాదికి ఆరేడు నెలలు ఓడలోనే ఉంటాను. డిపాజిట్లు 38 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 25 లక్షలు ఉన్నాయి. ఇంటి అప్పు ఇంకా 14 లక్షలు. పాప తొమ్మిదో తరగతి. సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ కొందామని రెండు చూశాను. కొచ్చిలో 1988 నాటి 34 అడుగుల క్రూజర్ (లోపల పడుకుని, వండుకుని ఉండగల పడవ), 24 లక్షలు. ముంబయిలో జె/24 రేసింగ్ పడవ, 8 లక్షలు. సెలవుల్లో చిలికా సరస్సులో తిరగాలి, రేసులకు వెళ్ళాలి, 52 ఏళ్ళకు ఉద్యోగం మానేసి భార్యతో పడవలోనే కాపురం పెట్టాలి. ఏది కొంటే నష్టపోను?

జవాబు: నష్టం ఎలాగూ తప్పదండీ. పాత పడవకు కారులాగే ఏటా విలువ పడిపోతుంది. ఆ నష్టం ఎంతో ముందే తెలుసుకుని, సంతోషంగా భరించగలరా లేదా అన్నదే చూసుకోవాలి.

కొచ్చి పడవ లెక్క చూడండి. పడవ ధరలో పదో వంతు ఏటా దాని మీదే పోతుందని పడవలున్నవాళ్ళు చెప్పే మోటు లెక్క ఒకటుంది. నిలిపి ఉంచే అద్దె, పడవ అడుగున వేసే రంగు, ఇంజన్, బీమా అన్నీ అందులోనే. అంటే 2,40,000. ఆ 24 లక్షలు డిపాజిట్‌లోనే ఉంటే, 7 శాతం చొప్పున వచ్చే వడ్డీ 1,68,000. మొత్తం 4,08,000. మీరు ఇంట్లో ఉండేదే అయిదారు నెలలు. అందులో వానలు, పెళ్ళిళ్ళు, పాప పరీక్షలు పోగా పడవ మీద గడిపేది 20 రోజులనుకుందాం. రోజుకు 20,400 రూపాయలు. గోపాల్‌పూర్‌లో సముద్రం కనిపించే హోటల్ గది కూడా అంత ఉండదు.

ఇక మొదటి ఏడాది సంగతి. మాస్ట్‌ని, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, నిలబెట్టే స్టీలు తీగలను పది, పదిహేనేళ్ళకోసారి మార్చాలి. 1988 పడవలో తెరచాపలు, ఇంజన్, తీగలు ఏవీ కొత్తవై ఉండవు కాబట్టి ఇంకో ఏడు లక్షలు పక్కన పెట్టుకోండి. అప్పటికి 24 కాస్తా 31 అవుతుంది.

పైగా ఆ పడవ మన దగ్గరికి రాదు. ఆ సైజు క్రూజర్లకు కీల్, అంటే పడవ అడుగున దిగి ఉండే బరువైన రెక్క, నీటి కింద అయిదున్నర, ఆరు అడుగులు ఉండడం మామూలే. ఎండాకాలంలో చిలికాలో చాలా చోట్ల అంత లోతు దొరకదు. దొరికిన చోట వలలు, రొయ్యల ఘేరీలు (వలకట్టి పెంచే మడుగులు). కొచ్చి నుంచి శ్రీలంకను చుట్టి రావాలంటే వెయ్యి నాటికల్ మైళ్ళకు పైనే. అంత దూరం వచ్చాక ఎక్కడ కడతారు? గోపాల్‌పూర్ ఓడరేవు సరుకు ఓడలది. ఒడ్డున మన నోలియా జాలర్లు తెప్పను, ఫైబర్ పడవను పదిమంది కలిసి ఇసుక మీదికి లాగేస్తారు. అడుగున టన్నుల బరువు మోసే కీల్ పడవను ఎవరు లాగుతారు? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. అయిదేళ్ళకు తిత్లీ పలాస దగ్గర. మీరు ఏ బ్రెజిల్ తీరంలోనో డ్యూటీలో ఉండగా ఇక్కడ తుఫాను హెచ్చరిక వస్తే, తాళ్ళు గట్టిగా కట్టించే మనిషి ఎవరు?

ముంబయిది వేరే రకం. జె/24 పడవలు ప్రపంచంలో అయిదు వేలకు పైగా తయారయ్యాయి, అన్నీ ఒకే కొలత. అందుకే రేసులో పడవకు పడవే పోటీ. అమ్మాలన్నా కొనేవాడికి కొత్తగా వివరించక్కర్లేదు. బరువు 1.4 టన్నులు, నీటి కింద నాలుగడుగులు. ట్రైలర్ మీద ఎక్కించవచ్చు. పదో వంతు 80,000, వడ్డీ 56,000. రేసింగ్ తెరచాపలు రెండు మూడు సీజన్లకే ఆకారం పోగొట్టుకుంటాయి కాబట్టి ఏటా ఇంకో లక్ష. మొత్తం 2,36,000, అంటే రోజుకు 11,800. ఇదీ తక్కువేం కాదు, కానీ మీ జీతానికి మునిగిపోరు. చిక్కల్లా, రేసుకు అయిదుగురు కావాలి. ముంబయిలో సీజన్ అక్టోబరు నుంచి మే వరకే, వానాకాలం పడవ ఒడ్డు మీదే. మీ సెలవు జూన్‌లో పడితే ఆ ఏడాది ఫీజులు కట్టడమే మిగులుతుంది. లోపల నిలబడే ఎత్తు కూడా లేదు, కాపురానికి పనికిరాదు. మూడు పనులూ ఒకే పడవ చేస్తుందని ఎవరైనా అంటే, అది పంచకు తక్కువ, గోచీకి ఎక్కువ అనుకోండి.

ఉత్తరంలో అన్నీ రాశారు, ఇంటావిడ ఏమంటారో మాత్రం రాయలేదు. ముందు ఇద్దరూ అద్దె పడవలో నాలుగు రాత్రులు ఉండి రండి, అందులో ఒక రాత్రి వర్షం పడాలి.

నేనైతే కొచ్చి పడవను వదిలేస్తాను. కాంట్రాక్టుకూ కాంట్రాక్టుకూ మధ్య జీతం ఉండదు కాబట్టి ఏడాది ఇంటి ఖర్చు డిపాజిట్‌లో తాకకుండా ఉంచండి. మిగతా డిపాజిట్‌లోంచి ఇంటి అప్పు తీర్చేయండి. మూడేళ్ళలో పాప కాలేజీ. కాపురం పడవ కోసం నెలకు 25,000 చొప్పున ఎనిమిదేళ్ళు ఇండెక్స్ ఫండ్‌లో వేయండి. ఏటా 10 శాతం వస్తే 36 లక్షల పైచిలుకు అవుతుంది. గ్యారంటీ లేదు, అందుకే చివరి మూడేళ్ళలో డబ్బును మెల్లగా డిపాజిట్‌కు మార్చుకోవాలి. జె/24 మాత్రం, మీతో రేసుకు వచ్చే నలుగురు పేర్లతో సహా దొరికితేనే కొనండి.

కొనే ముందు పడవలు పరీక్షించే సర్వేయర్‌ను పెట్టుకుని, ఆయన వెంటే ఉండండి. ప్లాస్టిక్ సుత్తితో పడవ పొట్ట మీద తడుతూ పోతాడు. గట్టి చోట ఖంగుమంటుంది, లోపల నీరు దిగిన చోట పుచ్చిన తలుపు తట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. మా మేనమామ గోపాల్‌పూర్‌లో పాత ఫైబర్ పడవను కొత్త రంగు చూసి కొన్నాడు. ఇంజన్ బిగించే వెనక చెక్క లోపల తడి పిండిలా ఉందని మొదటి వేటలోనే తెలిసింది. పడవ విదేశీ జెండాతో వచ్చినదైతే కస్టమ్స్ సుంకం కట్టిన కాగితం, బకాయిలు లేవన్న కాగితం చేతిలో పడ్డాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ముంబయి అమ్మకందారుకు ఫోన్ చేసి తీగలు ఏ సంవత్సరంలో మార్చారో అడగండి. సంవత్సరం చెప్పకుండా "బాగానే ఉన్నాయి సార్" అంటే, కొత్త తీగల ఖర్చు 8 లక్షల్లోంచి తీసేసి బేరం మొదలుపెట్టండి.