ఆ పైపు ఎక్కడ కలిపారన్నదే మీ కేసు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. చిన్నప్పటి నుంచి స్పోర్ట్స్ కారంటే ప్రాణం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు డోర్ల కారుకు 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ఒక షెడ్డులో సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే యంత్రం) పెట్టించాను. మొత్తం రూ.4.80 లక్షలు. మూడు లక్షలు ఫోన్‌పేలో, మిగతాది చేతికి ఇచ్చాను. షెడ్డు ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ని, బిల్లు అడగలేదు. ఆగస్టు నుంచి ఆయిల్ లీకు, నీలం పొగ. అడిగితే ‘పైపు మానిఫోల్డ్‌కే ఇచ్చాం తమ్ముడూ, అందరూ అట్లనే ఇస్తరు, సెట్ అయితది’ అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. 2025 నవంబర్‌లో నార్కట్‌పల్లి దాటి అద్దంకి రోడ్డు ఎక్కాక ఇంజిన్ పట్టేసింది. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఇక్కడి మెకానిక్ ఇంజిన్ విప్పి, పైపులు సరిగ్గా కలిపి ఇస్తానంటున్నాడు. వాన నీళ్లు పోయాయని ఇన్సూరెన్స్ పెట్టుకోమని స్నేహితుల సలహా. సొంత అన్నలా నమ్మినందుకు ఇంట్లో తలెత్తుకోలేకపోతున్నాను. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ముందు ఆ మెకానిక్‌ను ఆపండి. ఇంజిన్ మీద చెయ్యి వెయ్యనివ్వకండి. అన్న, తమ్ముడు సంగతి వినియోగదారుల కమిషన్‌కు అక్కర్లేదు. మీ కేసును గెలిపించేది ఆ పైపు ఇప్పుడున్న తీరు, దాన్ని తానే అలా కలిపానని ఆయన నోటితో చెప్పిన వాయిస్. మీరు ఆ మాటను కథలో ఒక మూలకు రాసి వదిలేశారు.

నేను మెకానిక్‌ను కాదు కానీ ఇలాంటి కేసులో లాయరు కూడా ఇంత తెలుసుకోవాలి. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఇంజిన్ కింది భాగమైన క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. దాన్ని తిరిగి ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి లాగేందుకే మీ షెడ్డు ఆయన చెప్పిన ఆ పైపు, బ్రీదర్ పైపు. మామూలు ఇంజిన్‌లో మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగం) లోపల వాక్యూమ్ ఉంటుంది కాబట్టి అది లాగుతుంది. సూపర్‌చార్జర్ తర్వాత వచ్చే మానిఫోల్డ్‌లో, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వాక్యూమ్ పోయి ఒత్తిడి వస్తుంది. మధ్యలో గాలిని ఒకే వైపు పోనిచ్చే గట్టి చెక్ వాల్వ్ లేకపోతే ఆ గాలి వెనక్కి క్రాంక్‌కేస్‌లోకే తన్నుతుంది. సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది, ఒక్కోసారి డిప్‌స్టిక్కే పైకి లేస్తుంది. అందుకే పైపును సూపర్‌చార్జర్ గాలి పీల్చుకునే వైపు కలుపుతారు, లేదా ఆ ఒత్తిడిని ఆపగల వాల్వ్ పెడతారు. ఇక్కడ ఆ వాల్వ్ ఉందా లేదా? ఇంజిన్ విప్పి పైపులు మార్చేస్తే ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాడు ఉండడు. ‘ఆయిల్ చూసుకోకుండా తోలాడు’ అని అవతలి లాయరు ఒక్క ముక్క చెప్పి కూర్చుంటాడు. ఆయిల్ కొన్న బిల్లులు ఉంటే వెతికి పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ సలహా ఇచ్చినవాళ్లు మీ స్నేహితులు కారు. మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు మామూలు పాలసీలో డబ్బు రాదు. నీళ్లు పోయాయని అబద్ధం రాస్తే సర్వేయర్ ఇంజిన్ చూసిన రోజే బయటపడుతుంది, మోసం కేసు మీ మీదికే వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి: ఇంజిన్ నీళ్ల వల్ల పోయిందని మీ సంతకంతో ఉన్న కాగితం షెడ్డు వాళ్లకు దొరుకుతుంది. ఇక మీ కేసు అక్కడితో సరి.

గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. నవంబర్ నుంచి లెక్కేయాలని మనం వాదించవచ్చు. లోపం 2024 ఆగస్టులోనే తెలిసింది కదా అని వాళ్లంటారు. కాబట్టి 2026 ఆగస్టుకు ముందే వేసేయండి. ‘సెట్ అయితది’ అంటూ తిప్పించుకున్న నెలలు మీ ఖాతాలోంచే పోతాయి. నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు, కానీ దానికి కారణం చూపాలి. మొహమాటం కారణం కాదు.

దాదాపు ఐదు లక్షల పనికి చిన్న చీటీ అయినా తీసుకోకపోవడం ఏం పద్ధతి? చేతికిచ్చిన రూ.1.80 లక్షలు రుజువు చేయడం ఇప్పుడు కష్టమే. ఫోన్‌పే చెల్లింపులు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తీయించండి. వాయిస్ ఉన్న ఫోన్‌ను మార్చకండి, రీసెట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌తో దాన్ని దాఖలు చేద్దాం.

బండి ఎక్కడుందో అక్కడే ఉంచి, పైపు మొదలు నుంచి చివర దాకా తెగకుండా వీడియో తీయండి. తనిఖీకి ఫలానా రోజు రమ్మని షెడ్డు వాళ్లకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వచ్చినా రాకున్నా ఆ రోజు లైసెన్సు ఉన్న సర్వేయర్‌తోనో, ఆటోమొబైల్ ఇంజినీర్‌తోనో చూపించి రిపోర్టు రాయించుకోండి. ఇంజిన్ విప్పాల్సి వస్తే కమిషన్‌లో పిటిషన్ వేసి, నిపుణుడి ముందే విప్పిద్దాం.

ఒక చిక్కుంది. ఆర్‌సీలో లేని మార్పు చేయించారు. అలాంటి మార్పులకు అడ్డుచెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 సంగతి వాళ్లు తప్పకుండా ఎత్తుతారు. దాచకండి, ఫిర్యాదులోనే రాద్దాం. పని తెలిసినవాణ్నని డబ్బు తీసుకుని చెడగొట్టిన లోపం దీంతో చెరిగిపోదని మన వాదన. ఆ సూపర్‌చార్జర్‌తో మాత్రం బండిని మళ్లీ రోడ్డెక్కించకండి.

మీరుండే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు కాబట్టి నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. ఇచ్చిన సొమ్ము ఐదు లక్షల లోపే కనుక ఫీజు లేదు. కారు మొత్తం ధర అడగకండి, అది నిలవదు. షెడ్డుకు ఇచ్చిన డబ్బు, ఎస్టిమేట్ ప్రకారం ఇంజిన్ ఖర్చు, టోయింగ్ బిల్లు, కోర్టు ఖర్చులు, మానసిక వేదనకు కొంత మొత్తం. ఇంతవరకే అడుగుదాం.