2024 వైఆర్4 లెక్క మీకు 122 ఎందుకు వచ్చిందంటే

2024 వైఆర్4 అనే గ్రహశకలం, తను దొరికిన పక్షం రోజుల్లో కనుగొన్నవాటిలో ఎన్నోదో పేరును బట్టి లెక్కేస్తే 122 వచ్చిందన్నారు. మీరు ఐ (I) అక్షరాన్ని కూడా లెక్కపెట్టారు. గ్రహశకలాల తాత్కాలిక పేర్లలో ఐ వాడరు, 1 అంకె అనుకుంటారని. అందుకే మీకు 122 వచ్చింది, సరైనది 117.

1. 2024: కనుగొన్న ఏడాది.
2. వై: ఏ పక్షం రోజుల్లో దొరికిందో చెబుతుంది. జనవరి 1–15 ఏ, 16–31 బీ, అలా వరుసగా. ఐ వదిలేస్తే వై 24వది, అంటే డిసెంబరు రెండో సగం. ఇది దొరికింది డిసెంబరు 27నే, చక్కగా సరిపోయింది. ఐ కలిపితే 25 వస్తుంది, ఏడాదిలో అన్ని సగాలు లేవు కదా! తప్పు ఇక్కడే దొరికిపోతుంది.
3. ఆర్: ఆ పక్షం రోజుల్లో ఎన్నోదో చెప్పే అక్షరం. ఐ వదిలేస్తే 17వది.
4. చివరి 4: 25 అక్షరాల వరుస నాలుగుసార్లు అయిపోయింది. 100కి 17 కలపండి. 26తో గుణించకండి, చాలామంది ఇక్కడే పొరబడతారు.

అపోఫిస్ అనే మరో గ్రహశకలం పాత పేరు 2004 ఎంఎన్4తో సరిచూసుకోండి: జూన్ రెండో సగం, 113 రావాలి.