అక్షరాల ముచ్చట: ‘అమ్మమ్మ’లోని రెండు ‘మ్మ’లు

ప్రశ్న: మా అమ్మమ్మ చెప్పిన వంటలను ‘అమ్మమ్మ వంటలు’ పేరుతో చిన్న పుస్తకంగా అచ్చువేయించి బంధువులకు పంచాలనుకుంటున్నాము. అట్టకూ లోపలి పుటలకూ చేతిరాతలా ఉండే లక్కిరెడ్డి ఫాంటునే ఎంచుకున్నాను. నమూనా చూస్తే ఎందుకో కృత్రిమంగా ఉంది. పైగా ‘అను’ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసిన మేటరుకు ఈ ఫాంటు పెడితే పిచ్చి గుర్తులు వస్తున్నాయని డీటీపీ చేసే ఆయన అంటున్నారు. ఏమి చేయాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఎంపిక అట్టకు చక్కగా సరిపోతుంది. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించగా అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ఈ ఫాంటు శీర్షికలకూ ఆహ్వానపత్రికలకూ ఉద్దేశించినదే. కృత్రిమత్వానికి కారణం మీ పుస్తకం పేరులోనే ఉంది. ‘అమ్మమ్మ’ అన్న మాటను పెద్దదిగా చేసి చూడండి: మొదటి ‘మ్మ’లో వంపు ఎక్కడ వణికిందో రెండవదానిలోనూ సరిగ్గా అక్కడే వణికి ఉంటుంది. చేత్తో రాసేవారు ఒకే అక్షరాన్ని రెండుసార్లు అచ్చు గుద్దినట్లు రాయలేరు కనుక, గీత ఎంత మొరటుగా ఉన్నా కన్ను ఆ మోసాన్ని ఇట్టే పట్టేస్తుంది. కొన్ని ఫాంట్లలో ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, వాటిని మార్చి మార్చి వాడే ఏర్పాటు ఉంటుంది. తెలుగులో గుణింతాలూ వత్తులూ కలిసి వందల రూపాలు గీయవలసి రావడం వలన ఆ శ్రమ రెట్టింపవుతుంది. మీకు కావలసింది ఒక్క మాటే కాబట్టి, డిజైనరుచేత ఆ పేరును ఔట్‌లైన్లుగా, అంటే సవరించగల బొమ్మ గీతలుగా మార్పించి, రెండవ ‘మ్మ’ తలకట్టును కొంచెం వంచి, కింది వత్తును వెంట్రుకవాసి జరిపించండి.

లోపలి పుటలకు మాత్రం వద్దు. పన్నెండు పాయింట్లలో ‘థ’లోని చుక్క సిరాతో పూడిపోతుంది, ‘ప’కూ ‘వ’కూ తేడా చెరిగిపోతుంది, ‘పచ్చిమిర్చి’ వంటి మాటలో పైన గుడి, కింద వత్తు రెండూ ఉండటంతో వరుసలు ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. పొయ్యి దగ్గర నిలబడి చదివే పుస్తకానికి ఇది తగదు. వార్తాపత్రికల కోసం తయారైన మండలి ఫాంటును వరుసల మధ్య ధారాళంగా చోటు వదిలి వాడండి.

పిచ్చి గుర్తుల సంగతికి వస్తే, తప్పు ఫాంటుది కాదు. అనులో టైపు చేసిన మేటరు లోపల ఇంగ్లీషు అక్షరాల సంకేతాలతో ఉంటుంది. లక్కిరెడ్డి మాత్రం యూనికోడ్ ఫాంటు, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఉండే పద్ధతిలో పనిచేసేది. మేటరును కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, తెలుగు వత్తులను సరిగా కూర్చగల కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరవమనండి. మార్చాక వత్తులను, అరసున్నాలను ఒకసారి దిద్దుకోవాలి. లక్కిరెడ్డి ఫాంటు లైసెన్సు ప్రకారం పుస్తకాన్ని అమ్ముకున్నా అభ్యంతరం లేదు, ఫాంటును విడిగా అమ్మరాదు.

ఇంకొక మాట: అమ్మమ్మగారు ఇప్పటికీ కలం పట్టగలిగితే, తెల్లకాగితం మీద స్కెచ్‌పెన్నుతో ఆ పేరును నాలుగైదుసార్లు రాయించి, బాగున్నదానిని 600 డీపీఐలో స్కాన్ చేయించండి. అప్పుడు అట్టకు ఏ ఫాంటూ అక్కరలేదు.